ఎర్ర కుళాయి నీళ్లు

“నలుగురి ముందు నిలబడి ఒక్క మాట అనెయ్యమ్మా. జనవరిలో నేను పొరపాటు పడ్డాను అని. అర నిమిషం పని,” అన్నాడు బాలసుబ్రహ్మణ్యం సార్.

ఆ మాట ఎంత మెత్తగా అన్నాడంటే, తలుపు బయట ఎవరైనా వింటే సమీనాను టీ తాగమని బతిమాలుతున్నాడనుకుంటారు. ఆయన కోప్పడి ఉంటే బాగుండేది. కోప్పడే మనిషితో ఎదురు తిరిగి పోట్లాడొచ్చు. చిత్తూరు నుంచి వచ్చి, ఏళ్ల తరబడి ఈ దేశంలో ఒక్కరి మీదా గొంతు పెంచకుండా అందరి చేతా తనకు కావలసింది చేయించుకుంటున్న ముదీర్‌తో, అంటే ల్యాబు పెద్దతో, ఎలా పోట్లాడాలో ప్రొద్దుటూరు పిల్లకు తెలియలేదు.

“నేను పొరపాటు పడలేదు సార్,” అంది.

“పడ్డావని నేనూ అనడం లేదమ్మా. అను అంటున్నాను.”

గురువారం ల్యాబుకు డబ్బు పెట్టే కంపెనీ వాళ్లు వస్తున్నారు. ఆ లోపల సమీనా ఒక అబద్ధాన్ని నిజంలా చెప్పడం నేర్చుకోవాలి. సంగతి అదీ.

గల్ఫ్‌లోని అల్ ఐన్ ఊరి శివార్లలో, ఖర్జూర తోటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఉంది వాళ్ల పరిశోధన సంస్థ. అందులో సమీనా చేసేది లోహపు గాజు. లోహం గాజెలా అవుతుందని ఊళ్లో చుట్టాలందరూ అడిగిన ప్రశ్నే. మామూలు లోహం చల్లారేటప్పుడు దాని పరమాణువులు బడి ప్రార్థనకు నిలబడ్డ పిల్లల్లా వరసలు కట్టేస్తాయి. ఆ వ్యవధి ఇవ్వకుండా, కరిగిన లోహాన్ని గిర్రున తిరిగే రాగి చక్రం మీద పోస్తే, ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. చక్రం మీంచి వెండి రిబ్బను జారి పడుతుంది. అదే లోహపు గాజు.

సమీనా అక్కడితో ఆగలేదు. ఒకదానితో ఒకటి పొసగని రెండు రకాల గాజులు ఆ రిబ్బనులో పెనవేసుకునేలా చేసి, దాన్ని యాసిడ్‌లో నానబెట్టేది. ఒకటి కరిగి పోతుంది, రెండోది నిలబడుతుంది. నిలబడిన దాని నిండా మామూలు మైక్రోస్కోపుకు కూడా ఆనని సన్నటి రంధ్రాలు. ఇడ్లీ గుల్లగా వచ్చినట్టు లోహం గుల్లగా వస్తుందన్నమాట. అలాంటి లోహం ఉంటే నీళ్లలోంచి హైడ్రోజన్ తీయడం తేలికవుతుంది. దేశమంతా ఇప్పుడు హైడ్రోజన్ జపమే చేస్తోంది కాబట్టి కంపెనీ వాళ్లకు అంత ఆత్రం.

2023 జనవరిలో ఆమె చేసిన రిబ్బను అద్భుతంగా వచ్చింది. ఆ రంధ్రాల ఫొటో సంస్థ గుమ్మంలో నిలువెత్తున వేలాడదీశారు. ఆ ఫొటో కింద సమీనా పేరు ఉంది. జూలైలో అదే పని హైదరాబాద్ కుర్రాడు ఆశిష్ చేశాడు. గుల్ల లేదు, ఏమీ లేదు. రంధ్రాలు ఒకదాంట్లోకి ఒకటి కూలిపోయి ముద్దయిపోయాయి. మళ్లీ చేశాడు, మళ్లీ ముద్దే. చివరికి సమీనాయే కూర్చుని, జనవరిలో ఏది ఎలా చేసిందో అలాగే చేసింది. ఆమె చేతిలోనూ ముద్దే వచ్చింది.

అప్పటి నుంచి ల్యాబులో ఆమెను చూసే చూపు మారిపోయింది. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు. అన్నవాడు ఆశిష్ ఒక్కడే.

“తప్పుగ అనుకోకు సమీనా. గా జనవరి ఫొటో మన రిబ్బనుదేనా? వేరే ఫైల్ ఏమన్న కలిసిందా?” అని అడిగాడు.

మంచివాడే. మంచివాడు కాబట్టే ఆ మాట మరీ కాలింది. దొంగ అనడానికి వాడు మర్యాదైన మాట వెతుక్కున్నాడు, అంతే.

ఆ రోజు సార్ గది నుంచి ఇంటికి వచ్చేసరికి సమీనా ఒళ్లు మండిపోతోంది. ఉండేది వాళ్ల అమ్మ అక్క దౌలత్‌బీ దగ్గర. సమీనా ఖాలా అని పిలిచే ఆ పెద్దమ్మ అల్ ఐన్‌లో అబాయాలు, అంటే ఆడవాళ్లు పైన వేసుకునే పొడుగు అంగీలు, కుట్టే అంగడిలో టైలరు. పాత విల్లాలో ఒక వాటా, మిద్దె మీద నీళ్ల ట్యాంకు, వాకిట్లో పీకేసినా మళ్లీ మొలిచే ఒక వేపమొక్క. సమీనా బ్యాగు విసిరేసి తిన్నగా బాత్రూములోకి పోయి, ముఖం కడుక్కుందామని కుళాయి తిప్పి దోసిలి పట్టింది. చెయ్యి చుర్రుమంది. అరిచి వెనక్కి లాక్కుంది.

“మతి యాడ పెట్టుకోనుండావే? ఎండకాలం నీలం కుళాయి ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పల్ల?” అంది ఖాలా వంటింట్లోంచి.

గల్ఫ్‌లో కాపురం ఉండే ఏ ఇంట్లోనైనా మే నెల రాగానే చేసే పని ఒకటుంది. గీజరు ఆపేస్తారు. మిద్దె మీది ట్యాంకు నీళ్లు ఎండకు కుతకుతలాడుతుంటాయి గనక చల్లనీళ్ల కుళాయిలో వచ్చేవి వేణ్నీళ్లు. ఆపేసిన గీజరులో నిలవున్న నీళ్లేమో ఏసీ గదిలో చల్లబడి ఉంటాయి. అందుకని చలికాలం వచ్చేదాకా ఎర్ర కుళాయే చల్లది, నీలం కుళాయే వేడిది. ఖాలా అయితే గీజరు స్విచ్చి మీద టేపు కూడా అంటించేసింది. మే నుంచీ సమీనా రోజూ ఎర్ర కుళాయే తిప్పుతోంది. చేతికి అలవాటైపోయి, దాని గురించి ఆలోచించడమే మానేసింది. ఈ రోజు కోపంలో చెయ్యి అలవాటు మరిచిపోయింది.

చెయ్యి తువ్వాలులో పెట్టుకుని ఆమె అక్కడే నిలబడిపోయింది.

యాసిడ్ గిన్నె చుట్టూ ఒక గాజు తొడుగు ఉంటుంది. గిన్నె వేడెక్కకుండా ఆ తొడుగులో చల్లనీళ్లు తిరగాలి. అందుకొక కూలింగ్ మెషిన్ ఆర్డరు పెట్టారు. అది వస్తోంది, వస్తోంది అంటూ ఏడాదిగా ఓడలోనే ఉంది. అది వచ్చేదాకా ఉండనీ అని సింకు దగ్గరి నీలం కుళాయికి పైపు తగిలించారు. పద్ధతిలో ‘చల్లని కుళాయి నీరు’ అని ఉంది. గోడ మీద ఏసీ ఇరవై రెండు చూపిస్తుంటుంది. జనవరిలో ఆ నీళ్లు నిజంగానే చల్లనివి. జూలైలో?

“ఖాలా, మేమంత సదువుకున్నోళ్లం. ఒక్కడు గూడా ఆ పైపు ముట్టుకోలే,” అంది.

ఖాలాకు ఏమీ అర్థం కాలేదు. “ముందు ఆ చేతికి ఏమన్నా పూసుకో,” అంది.

మర్నాడు పొద్దున్నే సమీనా ల్యాబుకు పోయి, యాసిడ్ పనికి వేసుకునే రెండు జతల మందపాటి గ్లౌజులూ వేసుకోకుండా, నీలం కుళాయి తిప్పి, యాసిడ్ గిన్నె ఉండే అల్మరా వెనక నుంచి పోయే పైపును ఉత్త చేత్తో పట్టుకుంది. పట్టుకుని వదిలేసింది. అప్పుడే వచ్చిన ఆశిష్‌ను పిలిచి, చెయ్యి పెట్టి చూడమంది. వాడూ పెట్టాడు, వాడూ వదిలేశాడు. వాడి మొహంలో రంగు మారిపోయింది.

“మా ఫ్లాట్ల గీజర్ మే నెలలనే బంద్ చేసినం గదా,” అన్నాడు. “ఈడ నీళ్లు సల్లగుంటయని ఎట్లనుకున్న?”

“ఇన్‌స్టిట్యూటు ఏమన్నా ఊటీలో ఉందనుకుంటిమేమో. నువ్వొక్కడివే కాదులే, నేనూ అనుకుంటి.”

“నేను నిన్ను గట్ల అడగకుండ ఉండాల్సింది.”

“అడిగినావు, అయిపోయింది. ఈపొద్దు సార్ దగ్గరికి నాతో రా.”

సార్ విన్నాడు. సగం చెప్పేసరికే ఆయనకు మొత్తం అర్థమైపోయిందని ఆయన కళ్లు చెప్పాయి. యాసిడ్ వేడెక్కితే కరగడం హడావిడిగా సాగుతుంది, రంధ్రాలు సన్నగా నిలబడక కూలిపోతాయి. ఇది ఆయన పాఠాలు చెప్పిన విషయమే. ఒక్క క్షణం ఆయన మొహం వెలిగింది కూడా. సమీనా గుండె తేలికపడింది. తరవాత ఆయన చేతిలోని టీ కప్పు బల్ల మీద పెట్టి, తలుపు వేసి రమ్మని ఆశిష్‌కు సైగ చేశాడు.

“చూడమ్మా, నువ్వు కనిపెట్టింది సరైనదే. కానీ గురువారం ఇది చెప్పలేం.”

“ఎందుకు సార్?”

“కుళాయి నీళ్లు వేడో చల్లనో చూసుకోని ల్యాబ్ అంటే మనల్ని ఎవరు నమ్ముతారు? ఒక మనిషి పొరపాటు పడిందంటే, సరే, కొత్త పిల్ల అనుకుంటారు. ల్యాబే పొరపాటు పడిందంటే ఖలాస్. చలికాలంలో మళ్లీ చేద్దాం, జనవరి ఫలితం సరైనదేనని మెల్లగా బయటపెడదాం. సెప్టెంబరులో నీ కాంట్రాక్టు సంగతి నేను చూసుకుంటాను. ఆ భయం పెట్టుకోకు.”

ఆ భయం ఆమె పెట్టుకోలేదు. ఆయనే తెచ్చి ఒళ్లో పెట్టాడు. కాంట్రాక్టు పోతే వీసా పోతుంది, వీసా పోతే పెట్టె సర్దుకోవాలి. ఆయన ఆ మాట పైకి అనడు. అనాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు.

“మెల్లగా బయటపెట్టేలోపల గుమ్మంలో ఫొటో ఉంటుందా సార్?” అని అడిగింది.

సార్ టీ కప్పు మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. “తాత్కాలికంగా తీసేద్దాం,” అన్నాడు.

ఆ సాయంత్రం సమీనా అన్నం కలుపుకుంటూ ఖాలాకు అంతా చెప్పింది. అర నిమిషం మాట, తరవాత అంతా సర్దుకుంటుంది అంటున్నాడని చెప్పింది. నిజం చెప్పాలంటే, ఆమె మనసు కూడా కాస్త జారింది. ఖాలా ఊఁ అంటే గురువారం ఆ మాట అనేసి ఊపిరి పీల్చుకుందామా అని కూడా అనిపించింది.

ఖాలా సూదిలో దారం ఎక్కించి, కొసకు ముడి వేసింది.

“నేను ఈ అంగట్లో చేరిన కొత్తల్లో, ఇస్త్రీపెట్టె మీద పడి ఒక మంచి అబాయా కాలిపోయిండె,” అంది. “కాల్చింది గుడ్డలు కత్తిరించే ముసలి మాస్టరు. యజమాని కఫీల్ వస్తాండాడు, నువ్వే కాల్చినావని చెప్పుబ్బా, ఆడమనిషివి, ఏమీ అనడు అనె. నేనూ పెద్దాయన గదా అని ఆ మాట అంటి. కఫీల్ నిజంగానే ఏమీ అనలే.”

“మరి?”

“మరేముంది. ఆపొద్దు నుంచి ఆ అంగట్లో చెడిపోయిన గుడ్డంతా నేను చెడగొట్టిందే అయింది. ఈ పొద్దుటికీ అంతే. కత్తెర పోయినా నన్నే జూస్తారు. ఒగసారి అనేది ఉండదు బేటీ. అంటే అన్నట్టే.”

సమీనా కంచంలో మెతుకు మిగల్చకుండా తినేసి లేచింది. మనసు జారడం అక్కడితో ఆగిపోయింది.

మర్నాడు బుధవారం. రంగు చేపలమ్మే దుకాణం తెరిచేదాకా బయట నిలబడి, తొట్టిలో నీళ్లు తిప్పే చిన్న మోటారు ఒకటి కొనుక్కుని ల్యాబుకు వెళ్లింది. సింకు కింది గీజరును ముందురోజు సార్ గది నుంచి వచ్చిన వెంటనే ఆపేసింది. ఎవరినీ అడగలేదు. అడిగితే మెయింటెనెన్స్ వాళ్ల పర్మిషన్ కావాలంటారు. స్విచ్చి మీద ఖాలా పద్ధతిలోనే టేపు అంటించింది. రాత్రంతా ఏసీలో చల్లబడ్డ ఆ ఎర్ర కుళాయి నీళ్లు ఇప్పుడు ఒక పెద్ద టబ్బుకు పట్టింది. థర్మామీటరు పెట్టి చూసింది. చల్లగా ఉన్నాయి, అచ్చం చలికాలపు నీళ్లలాగే. టబ్బులో మోటారు వేసి, నీళ్లు యాసిడ్ గిన్నె చుట్టూ తిరిగి మళ్లీ టబ్బులోకే వచ్చేలా పైపులు తగిలించి, కొత్త రిబ్బను ముక్క యాసిడ్‌లోకి వదిలింది.

ఆశిష్ పక్కనే నిలబడి చూశాడు. “సార్‌కు తెల్సా?” అన్నాడు.

“చెప్తే వద్దంటాడు. వద్దన్నాక చేస్తే తప్పు. చెప్పకుండా చేస్తే పనే గదా.”

“రేపు ముద్దే వస్తే?”

“వస్తే అప్పుడు అంటాలే, పొరపాటు పడినానని. నిజంగానే పడినట్టుంటది.”

వాడు నవ్వలేదు. పోయి మోటారు తీగ తడవకుండా పైకెత్తి టేపు వేశాడు. ఆ రోజు వాడు ఇంటికి పోతూ ఇంకోసారి వచ్చి టబ్బులో చెయ్యి పెట్టి చూసి వెళ్లాడు.

గురువారం పొద్దున రిబ్బను బయటికి తీసి కడిగి ఆరబెట్టారు. వెండి రంగు పోయి నల్లబడింది. అది మంచికో చెడుకో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చెప్పాలి. దాన్ని మైక్రోస్కోపులో పెట్టి తలుపు మూశారో లేదో వరండాలో మాటలు వినిపించాయి. కంపెనీ వాళ్లు అనుకున్న దానికంటే ముందే వచ్చేశారు. అందరికంటే ముందు ఇంజనీర్ మౌజా నడుస్తోంది. ఈ దేశపు మనిషే. ఎక్కువ మాట్లాడదనీ, అడిగిన ప్రశ్నకు జవాబు వచ్చేదాకా కదలదనీ పేరు.

సార్ వాళ్లను మైక్రోస్కోపు గదిలోకే తీసుకొచ్చాడు. గోడకు పెద్ద తెర ఉంది. తెర పక్కన ఒక చోటు చూపించి, ఇక్కడ నిలబడమ్మా అని సమీనాకు ముందే చెప్పి ఉంచాడు. రెండు మంచి మాటలు మాట్లాడి, “ముందుగా మా సమీనా చిన్న వివరణ ఇస్తుంది,” అని ఇంగ్లీషులో అని పక్కకు జరిగాడు.

సమీనా పోయి ఆ చోటులో నిలబడింది. తనూ ఇంగ్లీషులోనే మొదలుపెట్టింది.

“జనవరిలో నేను చేసిన దాంట్లో పొరపాటు లేదు,” అంది. “జూలైలో మేమందరం చేసిన దాంట్లో ఉంది. మేడమ్, పక్క గదిలో సింకు ఉంది. ఒక్కసారి అక్కడికి వస్తారా?”

సార్ “సమీనా” అన్నాడు, మెత్తగానే. ఆమె వినపడనట్టే నడిచింది. ఇంజనీర్ మౌజా ఆయన వంక ఒకసారి చూసి, సమీనా వెనకే వచ్చింది.

“నీలం కుళాయి కింద చెయ్యి పెట్టండి. కాసేపు పోనిచ్చి.”

మౌజా అబాయా చెయ్యి పైకి మడుచుకుని కుళాయి తిప్పింది. కాసేపటికి చెయ్యి వెనక్కి తీసుకుని నవ్వబోయింది. “మా ఇంట్లోనూ అంతే. మేలోనే హీటరు ఆపేస్తాం,” అని, అంతలోనే నవ్వు ఆపేసి కుళాయికి తగిలించి ఉన్న పైపు వంక చూసింది. పైపు వెంట ఆమె చూపు అల్మరా దాకా పోయి వచ్చింది.

“ఈ నీళ్లతోనా చల్లబరిచింది?”

“ఈ నీళ్లతోనే మేడమ్. ఇంట్లో అందరం ఎర్ర కుళాయి తిప్పుతున్నాం. ఇక్కడికొచ్చి నీలం రంగును నమ్మాం. నాతో సహా.”

“మరి చల్లటి నీళ్లతో చేస్తే?”

“చేశాను. మైక్రోస్కోపులో ఉంది. నేనింకా చూడలేదు.”

సార్ గబగబా ముందుకొచ్చాడు. “ముందు మేం చూసుకుని, అన్నీ సరిపోల్చుకుని, వచ్చేవారం మీకు పంపిస్తాం,” అన్నాడు ఇంగ్లీషులో. తెలుగులో గొంతు తగ్గించి, “ముద్ద వస్తే నీ బతుకేమవుతుందో ఆలోచించావా?” అన్నాడు. ఆ మాటలో బెదిరింపుతో పాటు నిజమైన జాలి కూడా ఉంది. ఆయనతో వచ్చిన చిక్కే అది.

“నా బతుకు కాబట్టే అందరూ ఉన్నప్పుడు చూద్దాం సార్,” అంది.

అందరూ మళ్లీ మైక్రోస్కోపు గదిలోకి వచ్చారు. ఆశిష్ మీటలు తిప్పాడు. తెర మీద బూడిద రంగు మసక. ఇంకాస్త తిప్పాడు. మసకే. సమీనా తెర పక్కన తన చోటులోకే వచ్చి నిలబడింది. ముద్దే వచ్చిందేమో, జనవరి నిజంగానే ఏదో తప్పేమో, ఖాలా దగ్గర పెట్టె సర్దుకోవడమే మిగిలిందేమో అనుకుంది. అనుకున్నా తెర మీంచి చూపు తిప్పుకోలేదు. ఆశిష్ చేతి చెమట ప్యాంటుకు తుడుచుకుని మరో మీట పట్టుకున్నాడు.

మసక విడిపోయింది. తెర నిండా సన్నటి రంధ్రాలు, ఒకదాని పక్కన ఒకటి, గుల్లగా, ఎక్కడా కూలకుండా ఉన్నాయి. గుమ్మంలోని ఫొటోకూ దీనికీ అక్కాచెల్లెళ్ల పోలిక.

ఆశిష్ కుర్చీలోంచి సమీనా వైపు తిరిగి, “గా ఫొటో నీదే,” అన్నాడు తెలుగులో, అందరికీ వినపడేలా.

సమీనాకు ఏడుపొచ్చింది. రానిచ్చింది కానీ కారనివ్వలేదు.

ఇంజనీర్ మౌజా తెర దగ్గరికి వచ్చి చాలాసేపు చూసింది. “అయితే జనవరిది సరైనదే,” అంది.

“జనవరి ఫలితం మీద మాకు ఎప్పుడూ సందేహం లేదు,” అన్నాడు బాలసుబ్రహ్మణ్యం సార్, తెర వంక చెయ్యి చాపి, పెళ్లివారికి ఇల్లు చూపిస్తున్నంత హుందాగా.

సమీనాకు అంతదాకా ఆగిన కోపం అప్పుడొచ్చింది. ముద్ద వచ్చి ఉంటే తప్పు ఆమెది. గుల్ల వచ్చింది కాబట్టి నమ్మకం ఆయనది. రెండు రోజుల కిందట ఇదే మనిషి, టీ తాగుతూ, ఆమె పేరును గోడ మీంచి తీసేద్దామన్నాడు.

ఆమె తాను నిలబడ్డ చోటు నుంచి ఒకడుగు పక్కకు జరిగింది.

“ఆ మాట ఇక్కడ నిలబడి చెప్పండి సార్,” అంది తెలుగులో.

సార్ వినపడనట్టు తెర వంకే చూశాడు. ఆమె అదే మాట ఇంగ్లీషులో మళ్లీ అంది. ఈసారి గదిలో అందరూ ఆ ఖాళీ చోటు వంక చూశారు. ఇంజనీర్ మౌజా కూడా చూసింది. ఆయన కోసం ఎదురుచూస్తూ ఆమె చేతులు కట్టుకుంది.

బాలసుబ్రహ్మణ్యం సార్ వచ్చి నిలబడ్డాడు. జేబు రుమాలు తీసి మళ్లీ లోపల పెట్టుకున్నాడు. “సమీనా జనవరిలో చేసింది సరైనదే. పొరపాటు మా ల్యాబుది,” అన్నాడు, ఎప్పటిలాగే మెత్తగా.

“వెనక ఉన్నవాళ్లకు వినపడలేదు సార్,” అంది సమీనా.

ఆయన ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. ఆమె తలదించుకోలేదు. ఆయన గొంతు సవరించుకుని, ఇన్నేళ్లలో ఆ ల్యాబులో ఎవరూ విననంత గట్టిగా, అదే మాట మళ్లీ చెప్పాడు.